పోయింది మాట, మతి కాదు

సంపాదకులు గారికి,

పదకొండు రోజుల కింద మీ జిల్లా ఎడిషన్‌లో, కింది మూలన ఒక ఫొటో వేశారు. 'బస్టాండులో మతిస్థిమితం లేని వృద్ధుడు' అని హెడ్డింగు. పోలీసులు వివరాలు కనుక్కుని కుటుంబ సభ్యులకు అప్పగించారని వార్త. ఆ వృద్ధుడు మా తమ్ముడు. వయసు 61. వాడికంటే ఏడేళ్లు పెద్దవాణ్ని నేను, నన్నే ఇంతవరకు ఎవరూ వృద్ధుడని అచ్చు వేయలేదు. తెల్ల చొక్కా అని రాశారు, పక్కనే ఫొటోలో గళ్ల చొక్కా కనబడుతోంది. సరే, వయసూ చొక్కా వదిలేద్దాం. మతి సంగతి మాత్రం వదలను.

కోపం తగ్గాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. తగ్గలేదు.

మా తమ్ముడు 30 ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయేవాళ్లలో సగం మంది వాడి గొంతు గుర్తుపడతారు. రెండేళ్ల కింద దసరా అయిన వారానికి, పొద్దున్నే పళ్లు తోముకుంటూ మా మరదలితో ఏదో అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. మాటలు మాటల్లా లేవు. ఆమె నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లి చూసి, రాత్రి నిద్ర లేక బీపీ పెరిగి ఉంటుందన్నాను. దగ్గర్లో వైద్యం చేసే ఆయన్ని పిలిపించి సెలైన్ పెట్టించాను. మధ్యాహ్నానికి కుడి చెయ్యి పడిపోయింది. అప్పుడు పరుగెత్తాం. స్కానింగు తీసి, మెదడు ఎడమ వైపు రక్తం గడ్డకట్టిందన్నారు. "ఎన్ని గంటలకు మొదలైంది?" అని డాక్టరు అడిగాడు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉందట, కానీ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలట. మేం పోయేసరికి మొదలై ఎనిమిది గంటలు దాటింది. 34 ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ని. మూతి వంకర పోవడం, చెయ్యి లేవకపోవడం లాగే మాట తడబడటమూ స్ట్రోకు, అంటే పక్షవాతం, గుర్తేనని నాకు తట్టలేదు. 108కి ఫోన్ చేయాల్సినవాణ్ని సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డాను. కాబట్టి ఈ ఉత్తరంలో మొదటి తప్పు నాదే రాసుకుంటున్నాను. మిగతావి మీవీ, ఇతరులవీ.

కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి. మాట రాలేదు. మన దగ్గర 'మాట పడిపోయింది' అంటాం. డాక్టర్లు అఫేసియా అంటారు. చాలామంది అనుకున్నట్టు ఇది నాలుక జబ్బు కాదు, గొంతు జబ్బు కాదు. నమలడం, మింగడం అన్నీ బాగానే ఉన్నాయి. లోపల మనిషి మనిషిలాగే ఉన్నాడు. తనకు కావలసిందేమిటో తనకు తెలుసు, ఆ మాట మాత్రం దొరకదు. నీళ్లు కావాలంటే 'తాళం' అని వస్తుంది. తప్పు వచ్చిందని వాడికే మనకంటే ముందు తెలుస్తుంది, నుదురు కొట్టుకుంటాడు. కొందరికి ఇంకో రకంగా వస్తుందట: ధారాళంగా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు, ఎదుటివాళ్ల మాటా సరిగ్గా ఎక్కదు. ఇదేం కొత్త విషయం కాదు. 'టాన్' అనే ఒక్క ముక్క తప్ప ఏమీ పలకలేని రోగి మెదడును పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిన్నదని పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు 1861లోనే చెప్పాడు. అది మన బస్టాండు దాకా ఇంకా రాలేదు.

ఇక ఆ రోజు సంగతి. వాడు వారానికోసారి బస్టాండుకు పోయి కూర్చుంటాడు. పాత దోస్తులు ఎవరైనా కనబడితే చెయ్యి ఊపుతాడు. ఆ రోజు బస్సెక్కాడు. ఎందుకెక్కాడో వాడే చెప్పాలి, వాడు చెప్పలేడు. దిగిన చోట ఎవరో "మీది మిర్యాలగూడనా?" అని అడిగారట. "ఔ" అన్నాడు. "దేవరకొండనా?" అంటే "ఔ." "హాలియానా?" "ఔ." అవును, కాదు తారుమారు కావడం ఈ జబ్బులో మామూలు. కాదని తల ఊపుతూనే నోటితో ఔ అంటాడు. చుట్టూ జనం మూగి నవ్వితే ఒక బూతు మాట తిట్టాడు. అది మాత్రం అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. మీ విలేకరి దాన్నే 'పొంతన లేని మాటలతో దుర్భాషలాడుతూ' అని రాశాడు. తిట్లు, అంకెల వరుస, దేవుడి శ్లోకాలు, పాటలు నోట్లో మిగిలిపోవడం కూడా ఈ జబ్బు లక్షణమేనయ్యా. మొన్న బతుకమ్మకు మా గల్లీలో ఆడవాళ్లు పాడుతుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని వీడు 'ఉయ్యాలో' అని శ్రుతి తప్పకుండా అందుకున్నాడు. మా మరదలు పళ్లెం కింద పెట్టి ఏడ్చింది. ఆ నోటితోనే మర్నాడు పొద్దున చాయ్ అనే మాట రాలేదు.

వాడి జేబులో ఒక కార్డు ఉంటుంది. మా అమ్మాయి కంప్యూటర్‌లో కొట్టి లామినేషన్ చేయించింది. "నాకు పక్షవాతం వల్ల మాట రాదు. మీరు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. మెల్లగా అడగండి, తొందర పెట్టకండి" అని రాసి, కింద నా ఫోన్ నంబరు. మీరు వేసిన ఫొటోలో చొక్కా జేబులోంచి ఆ కార్డు అంచు కనబడుతోంది. పోలీసాయన దాన్ని తీసి చదివాడు కాబట్టే నాకు ఫోన్ వచ్చింది. ఫొటో తీసిన మనిషికి చదివే ఓపిక లేకపోయింది. ఒకప్పుడు మా ఊళ్లో పత్రికకు వార్తలు రాసే ఆయన సైకిల్ మీద వచ్చి, చనిపోయినవాడి ఇంటిపేరు రెండుసార్లు అడిగి రాసుకుని పోయేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో వస్తే చాలు, హెడ్డింగు దానంతట అదే పుడుతుంది.

మీ ఒక్కరినే అనడం న్యాయం కాదు. పేరు రాయను గానీ, ఒక బ్యాంకులో వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఈయనకు తెలివి ఉందా?" అని నన్ను అడిగారు. కుడి చెయ్యి వణికి సంతకం మారింది. నోటితో పేరు చెప్పమంటారు. పేరు రాకపోతే డబ్బులు రావు. వాడి పింఛను డబ్బులు వాడికి ఇవ్వడానికి వాడి పేరు వాడి నోటినుంచే రావాలట! వికలాంగుల సర్టిఫికెట్ కోసం పోతే ఇంకా విచిత్రం. చెవులు వినపడుతున్నాయి కాబట్టి చెవిటి కాదు, నోట్లోంచి శబ్దం వస్తోంది కాబట్టి మూగ కాదు, నడిచి వచ్చాడు కాబట్టి కాళ్ల లెక్కలోకీ రాడు, మరి ఏ కాలమ్‌లో రాయాలని మమ్మల్నే అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. అందులో 'వాక్కు, భాషా వైకల్యం' ఒకటి, దాని కింద అఫేసియా అని పేరు పెట్టి మరీ రాశారు. ప్రింటు తీసి చూపించాను. "పైనుంచి సర్క్యులర్ రావాలి సార్" అన్నాడు. పార్లమెంటుకంటే పైన ఎవరున్నారో నాకు తెలియదు. వికలాంగులు అనకూడదు, దివ్యాంగులు అనాలని మాత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు.

ఇంటి సంగతి ఇంకో రకం. వచ్చిన ప్రతివాడూ చెవిలో అరుస్తాడు. చెవులు బాగానే ఉన్నాయి మొర్రో అంటే వినరు. పావురం నెత్తురు రుద్దమని చెప్పినవాళ్లు నలుగురు, మెల్లగా పక్కన కూర్చుని ఐదు నిమిషాలు వాడు మాట వెతుక్కునేదాకా ఆగినవాళ్లు ఇద్దరు. వాడి ఎదురుగానే వాడి గురించి "పాపం, ఏం తెలుస్తలేదు" అంటారు. వాడికి తెలుస్తుంది. పెళ్లిళ్లకు రావడం మానేశాడు. ఫోన్ మోగితే లేచి పక్క గదిలోకి పోతాడు. పేకాట దోస్తులు మొదటి నెల అందరూ వచ్చారు, తర్వాత ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడికి చేతులెత్తి దండం పెట్టాలి, మాటలు లేకుండానే ఆడి పోతాడు. కెనడాలోని ఒంటారియోలో దీర్ఘకాలం ఆస్పత్రుల్లోనే ఉండే 66 వేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2010లో ఒక అధ్యయనం వేశారు. జీవన నాణ్యతను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది అఫేసియా అని తేలింది. క్యాన్సర్, అల్జీమర్స్ దాని తర్వాతే. మొదట చదివినప్పుడు నమ్మలేదు. వాడు ఫోన్ చూసి లేచిపోవడం రోజూ చూస్తుంటే నమ్మక తప్పలేదు.

మందు లేదు గానీ స్పీచ్ థెరపీ ఉంది. దానికి హైదరాబాద్ పోవాలి. పోను వంద, రాను వంద కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు. మా మరదలు వాడి చెయ్యి పట్టుకుని ఎక్కడం, దిగడం. ఐదు నెలలకు చేతిలో డబ్బులూ ఒంట్లో ఓపికా అయిపోయాయి. కొత్త బిల్డింగులకు కొబ్బరికాయలు కొట్టడం నేను చాలానే చూశాను. జిల్లాకు నలుగురు స్పీచ్ థెరపిస్టులను వేస్తామని ఒక్క నాయకుడి నోటా వినలేదు, వాళ్లందరికీ మాట బాగానే వస్తుంది మరి. స్ట్రోకు వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఈ ఇబ్బంది వస్తుందంటారు. అంటే మా ఒక్క ఇంటి గొడవ కాదు ఇది.

ఆ ఐదు నెలల్లో ఒకటి జరిగింది, అది రాయకపోతే మా తమ్ముడికి అన్యాయం చేసినట్టు. థెరపిస్టు అమ్మాయి వాడి ఉద్యోగం ఏమిటని అడిగి, "నల్లగొండ..." అని తను మొదలుపెట్టి ఆగింది. వీడు ఒక్క క్షణం ఆమె మొహం చూసి "నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్" అని గడగడా అప్పజెప్పేశాడు. చివర్లో "రావాలె, ముందుకు జరగాలె" అని కూడా అన్నాడు. బయట కూర్చున్న వాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చారు. మతిస్థిమితం లేని మనిషి స్టేజీలు వరుస తప్పకుండా చెప్పగలడా అయ్యా?

సవరణ వేయమని అడుగుతున్నాను. 'చింతిస్తున్నాం' అని లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో కాదు, ఆ ఫొటో వచ్చిన పేజీలోనే వేయండి. వాడికి చదవడం కూడా సరిగ్గా రావడం లేదు, అక్షరాలు కూడబలుక్కుంటాడు. కానీ ఆ రోజు పేపరు మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. రోజూ తీసి ఫొటో మీద వేలు పెట్టి, హెడ్డింగులో ఆ ఒక్క మాట దగ్గర ఆగుతున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు,
నల్లగొండ