లాం ఫారం సందర్శన: జమా ఖర్చుల వివరణ

సంక్రాంతి వెళ్లిన తర్వాతి వారం మన తొమ్మిది ఊళ్ల వ్యవసాయ స్వచ్ఛంద కార్యకర్తలు 42 మందిని గుంటూరు దగ్గరి లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి ఒక రోజు సందర్శనకు తీసుకువెళ్లాం. అందుకోసం మీరు ఇచ్చిన డబ్బు 57,500 రూపాయలు. ఖర్చయినది 44,650. మిగిలినది 12,850. పద్దుల వారీగా వివరం కింద రాస్తున్నాం. చందా 50 రూపాయలు ఇచ్చినవారికీ 5,000 ఇచ్చినవారికీ దీన్ని చదివి ప్రశ్నించే హక్కు సమానమే.

ఈ కార్యకర్తలు ఎవరో కొత్తగా చెప్పనక్కరలేదు. పొన్నూరు మాగాణి వైపు ఐదు ఊళ్లలో, పెదనందిపాడు మెట్ట వైపు నాలుగు ఊళ్లలో తెల్లవారుజామున చేలగట్ల మీద తిరిగేది వీరే. మినుములో పల్లాకు (ఆకులు పసుపు పచ్చగా మారే తెగులు) కనిపించినా, మిరపలో ఆకు ముడిచినా ముందు వీరినే పిలుస్తాం. జీతం లేదు, గౌరవ వేతనం లేదు. వ్యవసాయ అధికారి ఒక్కరికి ఎన్నో ఊళ్లు ఉంటాయి, పురుగు మాత్రం ఆయన వచ్చేదాకా ఆగదు. కార్యకర్తలకు తెలిసినంతే మన పొలానికి అందుతుంది. వారికి కొత్త విషయం తెలియాలంటే పరిశోధన జరిగే చోటికి తీసుకువెళ్లాలి. ఈ వసూలు అందుకే మొదలుపెట్టాం.

జమ

తొమ్మిది ఊళ్లలో 186 మంది రైతులు, కౌలు రైతులు కలిపి 31,450 రూపాయలు ఇచ్చారు. రైతుల్లో ఎవరి దగ్గరా 500కు మించి తీసుకోకూడదని ముందే నిర్ణయించుకున్నాం. ఇద్దరు ముగ్గురి డబ్బుతో నడిస్తే ఇది వారి కార్యక్రమం అయిపోతుంది. ఈ 186 మందిలో సగానికి పైగా కౌలు రైతులే. పొదుపు సంఘాల మహిళలు కలిసి 6,200 ఇచ్చారు. మన ఊళ్ల నుంచి వెళ్లి హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో స్థిరపడిన 11 మంది 14,500 పంపారు. విశ్రాంత ఉపాధ్యాయులు ఇద్దరు చెరి రెండు వేలు, మొత్తం 4,000. బయలుదేరిన రోజు ఉదయం బస్సు దగ్గరికి వచ్చి అప్పటికప్పుడు ఇచ్చినవారి డబ్బు 1,350. అన్నీ కలిపితే 57,500.

డబ్బు కాకుండా వస్తువుల రూపంలో వచ్చినవి ఈ లెక్కలో చేరలేదు. పాడి రైతులు 30 లీటర్ల మజ్జిగ ఇచ్చారు. ఒక తోట నుంచి రెండు అరటి గెలలు వచ్చాయి. మంచినీళ్ల క్యాన్లు ఒక కిరాణా కొట్టు వారు ఉచితంగా పెట్టారు. ఇవి లేకపోతే భోజనాల ఖర్చు ఇంకా పెరిగేది.

తీసుకోని డబ్బు గురించి కూడా చెప్పాలి. ఒక పురుగుమందుల దుకాణం వారు బస్సు ఖర్చు మొత్తం తామే భరిస్తామని, అందరికీ టోపీలు, సంచులు కూడా ఇస్తామని ముందుకు వచ్చారు. మర్యాదగానే వద్దన్నాం. రేపు చేలో నిలబడి ‘ఈ వారం మందు కొట్టనక్కరలేదు’ అని చెప్పాల్సిన మనిషి తల మీద మందుల దుకాణం టోపీ ఉంటే ఆ మాటకు విలువ ఎక్కడ ఉంటుంది? విత్తన కంపెనీల విషయంలోనూ ఇదే నియమం పాటించాం. ఇక ముందు కూడా పాటిస్తాం.

ఖర్చు

అన్నిటికంటే పెద్ద పద్దు బస్సుది. 45 సీట్ల బస్సు అద్దె, డీజిలుతో కలిపి 13,500. డ్రైవరుకు, క్లీనరుకు బత్తా 800. మొత్తం 14,300. మూడు చోట్ల అడిగి, తక్కువ చెప్పినవారికే ఇచ్చాం.

తిండి ఖర్చు 6,600. కార్యకర్తలు 42 మంది, డ్రైవరు, క్లీనరు కలిపి 44 మంది. ఉదయం ఇడ్లీ మనిషికి 40, మధ్యాహ్న భోజనం 90, సాయంత్రం టీ, బిస్కెట్లు 20. వెంట వెళ్లిన కమిటీ సభ్యులు ఇద్దరూ తమ తిండి ఖర్చు తామే పెట్టుకున్నారు. కాబట్టి అది ఇందులో లేదు.

రెండో పెద్ద పద్దు, పోయిన కూలికి బదులుగా ఇచ్చిన 9,600. దీని మీద మూడు ఊళ్ల నుంచి ప్రశ్నలు వచ్చాయి. వివరంగా జవాబు చెప్పడం మా బాధ్యత.

ఆ 42 మందిలో 24 మంది కూలికి వెళితేనే ఇల్లు గడిచేవారు. వారిలో 19 మంది మహిళలు. మేము వెళ్లిన వారం మిరప కోతలు జోరు మీద ఉన్నాయి. ఆ రోజు చేలోకి దిగిన ప్రతి మహిళకూ 400 రూపాయల కూలి దక్కేది. అందుకే ఈ 24 మందికి మనిషికి 400 చొప్పున, ఆ రోజు పోగొట్టుకున్న కూలికి బదులుగా ఇచ్చాం. సొంత పొలం ఉన్న మిగతా 18 మందికి ఇవ్వలేదు, వారూ అడగలేదు. ఇచ్చిన ప్రతి ఒక్కరి సంతకం పుస్తకంలో ఉంది.

‘నేర్చుకోవడానికి వెళితే కూలి ఎందుకు ఇవ్వాలి?’ అన్నది ప్రశ్న. కూలి ఇవ్వకపోతే ఆ 19 మందిలో చాలామంది రాలేరు. రాకపోతే బస్సు నిండా పొలాలున్న మగవారే ఉంటారు. కానీ మొక్క మొక్క దగ్గరా వంగి కాయ కోసేది, కలుపు తీసేది ఆడవారు. ఆకు కింద పురుగును ముందుగా చూసేది కూడా వారే. వారికి పురుగును గుర్తుపట్టడం నేర్పితే ఏ చేలోకి కూలికి వెళితే ఆ చేనుకు మేలు. ఈ 9,600 రూపాయలు దానం కాదు. మన పంటల కాపలాకు పెట్టిన ఖర్చు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లినా ఈ పద్దు ఉంటుందని ఇప్పుడే చెబుతున్నాం.

రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారు పుట్టిన నిడుబ్రోలు మనకు కూతవేటు దూరం. రైతాంగ విద్యాలయం నడిపింది ఆయన ఆ ఊళ్లోనే. 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. లాం పరిశోధన స్థానం ఆ విశ్వవిద్యాలయానిదే. పొలంలో పనిచేసేవారికి చదువు చెప్పించడానికి ఊరు డబ్బు పెట్టడం ఈ నేలకు కొత్త సంగతి కాదు.

భూతద్దాలు 42, ఒక్కొక్కటి 110 రూపాయలు, మొత్తం 4,620. ఇది అనవసరం అన్నవారు కూడా ఉన్నారు. లాంలో మిరప మడి దగ్గర జరిగింది చెబితే వారే ఒప్పుకుంటారు. శాస్త్రవేత్త ఒకరు విచ్చుకున్న మిరప పువ్వును కోసి, తెల్ల కాగితం మీద రెండుసార్లు తట్టారు. ముందు ఏమీ కనిపించలేదు. భూతద్దం పెట్టి చూస్తే నల్లగా, సన్నగా, నువ్వు గింజలో పావు వంతు కూడా లేని పురుగులు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి. 2021లో మన మిరప తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు అదే. పువ్వులో దాక్కుంటుంది కాబట్టి పైనుంచి కొట్టిన మందు దానికి సరిగా తగలదు. ఆ ఏడాది మందు మీద మందు కొట్టి అప్పులపాలైన ఇళ్లు మన తొమ్మిది ఊళ్లలోనూ ఉన్నాయి.

ఆ తర్వాత ముడిచిన ఆకులు రెండు రకాలవి చేతికిచ్చారు. అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి (మంచాల్లో ఉండేది కాదు, ఆకుల రసం పీల్చే సాలీడు జాతి సన్న పురుగు). రెండింటి మందులూ వేరు. నల్లికి కొట్టాల్సింది తామర పురుగుకు కొడితే డబ్బు పోతుంది, పురుగు పోదు. ఒక్క తప్పు పిచికారీ ఆపగలిగితే భూతద్దం ఖరీదు ఎన్నో రెట్లు తిరిగి వచ్చినట్టే.

అక్కడ చూసి వచ్చాకే, ఎగిరే పురుగులు అంటుకుపోయే జిగురు అట్టలు కొన్నాం. తామర పురుగుకు నీలి రంగువి, తెల్లదోమకు పసుపువి. ఊరికి 40 చొప్పున 360 అట్టలు, ఒక్కొక్కటి 12 రూపాయలు, 4,320. మెట్ట ఊళ్లకు నీలివి ఎక్కువ, మాగాణి ఊళ్లకు పసుపువి ఎక్కువ ఇచ్చాం. మినుములో పల్లాకు తెగులును మోసుకొచ్చేది తెల్లదోమే. తెగులు సోకిన మొక్కను కనబడిన వెంటనే పీకేయాలని, వచ్చే ఏడాది ఎల్‌బీజీ 787, టీబీజీ 104, జీబీజీ 1 వంటి తట్టుకునే రకాలు చూసుకోవాలని అక్కడ చెప్పారు.

విశ్వవిద్యాలయం ప్రచురించే వ్యవసాయ పంచాంగం ఊరికి ఒకటి చొప్పున, పైర్ల మీద చిన్న పుస్తకాలు కొన్ని, 2,250. నోటు పుస్తకాలు, పెన్నులు 42 మందికి 45 చొప్పున 1,890. కరపత్రాల జిరాక్సు 640. ప్రథమ చికిత్స మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు 430.

ఫ్లెక్సీలకు, శాలువలకు, జ్ఞాపికలకు ఒక్క రూపాయి కూడా పెట్టలేదు. సందర్శనకు పరిశోధన స్థానం వారు రుసుము తీసుకోలేదు. పశు పరిశోధన స్థానంలో ఒంగోలు ఆవులను, డ్రోన్ శిక్షణ జరిగే చోటును కూడా చూపించారు. వాటికీ ఖర్చు లేదు.

మట్టి నమూనా తీసే పద్ధతి గురించి మాత్రం నాలుగు మాటలు రాయాలి. మిగులు డబ్బులో కొంత దానికే కేటాయించాం. ఇన్నాళ్లూ మనలో చాలామంది గట్టు పక్కన ఒక పార మట్టి తీసి, ఎరువుల సంచిలో వేసి పంపుతున్నాం. ఎరువు అంటిన సంచిలో మట్టికి పరీక్ష చేస్తే ఆ ఎరువుకు కూడా చేసినట్టే. గట్టు, చెట్టు నీడ, పెంట పోసిన చోటు వదిలేయాలి. చేలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోపే, అంటే 15 సెంటీమీటర్ల లోతున గుంట తీయాలి. గుంట అంచు వెంట పైనుంచి కింది దాకా పలుచగా మట్టిని చెక్కాలి. అదంతా గుడ్డ మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, అరకిలో మిగిలేదాకా అలాగే చేస్తూ పోవాలి. మన కార్యకర్తల చేతనే ఒక మడిలో ఇదంతా చేయించారు.

మిగులు

చేతిలో ఉన్న 12,850 రూపాయలను ఎలా వాడాలో తిరిగి వచ్చిన తర్వాత కార్యకర్తలందరినీ కూర్చోబెట్టి నిర్ణయించాం. మిరప ఇంకా చేలో ఉంది కాబట్టి వెంటనే మరో 450 జిగురు అట్టలకు 5,400. వేసవిలో పొలాలు ఖాళీ అయ్యాక మట్టి నమూనాలకు గుడ్డ సంచులు, చీటీలు, ప్రయోగశాలకు చేర్చే ఛార్జీలు కలిపి 2,450. విత్తే కాలానికి ముందు ప్రతి ఊళ్లో విత్తన శుద్ధి, అంటే విత్తనానికి మందు పట్టించడం, చేసి చూపించడానికి 5,000. ముందు తెగులు మందు, తర్వాత పురుగు మందు, ఆరిన తర్వాత చివర రైజోబియం (పైరు వేళ్లకు నత్రజని అందించే సూక్ష్మజీవుల ఎరువు). ఈ వరస తప్పితే రైజోబియం బతకదు. ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం చొప్పున మినుము వేసేవారికి చేసి చూపిస్తాం. ఈ మూడింటికీ అయిన ఖర్చును పని పూర్తయ్యాక విడిగా ప్రకటిస్తాం.

మిగులు డబ్బు ఇద్దరు సభ్యుల సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతాలో ఉంది. చందా రసీదు పుస్తకాలు, బస్సు, భోజనాల బిల్లులు, కూలి చెల్లింపు సంతకాల పుస్తకం, ఫోన్‌లో వచ్చిన చెల్లింపుల పట్టీ అన్నీ కలిపి నకళ్లు ఊరికొకటి చొప్పున రైతు సేవా కేంద్రాల్లో నెల రోజుల పాటు ఉంచుతున్నాం. చందా ఇచ్చి రసీదు అందనివారు, లేదా పేరు, మొత్తం తప్పుగా పడినవారు మీ ఊరి కార్యకర్తకు చెప్పండి. సరిచేసి కొత్త రసీదు ఇస్తాం. ఏ పద్దు మీద అభ్యంతరం ఉన్నా వచ్చే అమావాస్య నాటి కార్యకర్తల సమావేశానికి రండి. లెక్కల పుస్తకం బల్ల మీదే ఉంటుంది.