గుత్తి స్టేషన్‌లో ఒక బోర్డు పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

నాది గుత్తి. టైలర్‌ని. మా ఆవిడ పుట్టిల్లు తాడిపత్రి కాబట్టి మా తిరుగుడంతా రైల్లోనే. కరోనా తర్వాత ప్యాసింజర్ కనీస ఛార్జీ 10 నుంచి 30 అయినప్పుడు పండక్కి కూడా ఆలోచించి బయల్దేరేవాళ్లం. 2024లో మళ్లీ 10కి తెచ్చారు, సంతోషం.

అడగాలనుకున్నది వేరే. మద్రాసు నుంచి వేసుకుంటూ వచ్చిన లైను, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరులో కలిశాయి. ఆ దారి గుత్తి మీదుగానే పోతుంది. 1977లో గుంతకల్లు డివిజన్‌తో పాటు మా స్టేషనూ దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. ఇక్కడి లోకో షెడ్ ఇంజన్లు మా ఊరి పేరు రాసుకుని ఎక్కడెక్కడికో పోతుంటాయి. దూరం ఊళ్లలో ఆ పేరు చూసి మా చుట్టాలు ఫోటో తీసి పంపుతారు. (మాకు అదో గొప్ప!) మరి గుత్తిలో దిగినవాళ్లకు ఇదంతా చెప్పేదెవరు? కోట సంగతీ అంతే. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట పూడ్చింది గుత్తిలోనే అని మా పిల్లలకే తెలియదు.

ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద, తాగునీటి కుళాయి దగ్గర, తెలుగులో ఒక బోర్డు రాయించాలని రైల్వే అధికారులను కోరుతున్నా. కోటకు దారెటో కూడా అందులో ఉండాలి. స్టేషన్ ఊరికి ఎడంగా ఉంది గనక రాత్రి రైళ్ల వేళకు ఒక బస్సు నడిపితే సామాన్లతో దిగే ఆడవాళ్లకు టెన్షన్ తప్పుతుంది.

– ఒక టైలర్, గుత్తి, అనంతపురం జిల్లా