పది చదరపు మీటర్లలో స్టూలు ఎక్కడ వేయమంటారు?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, మందుల షాపులో పేషెంటుతో మాట్లాడటానికి చోటూ, సమయమూ లేని విషయం మీద ఇది నా మూడో ఉత్తరం. మొదటి రెండు అర్జీలకు దక్కింది ఇన్‌వర్డ్ స్టాంపు పడిన రెండు జిరాక్సు కాగితాలు. వాటిని షాపులో లైసెన్సు ఫ్రేము వెనక దోపుకున్నాను. అక్కడ తప్ప ఇంకెక్కడా జాగా లేదు.

హైదరాబాద్ బోరబండలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును నేను. మందుల షాపు లైసెన్సులైన ఫారం 20, 21 గురించి, షాపుకు కనీసం పది చదరపు మీటర్లు ఉండాలనే రూలు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆ పది మీటర్లలో ఏముందో మాత్రం చెబుతాను. గ్యాస్‌కు వాడే ఒక్క పాంటాప్రజోల్ 40 మాత్రే పదకొండు కంపెనీలది పెట్టాను. పక్క వీధి డాక్టరు గారు ఒకటి రాస్తారు, మెయిన్ రోడ్డు ఆస్పత్రిలో ఇంకొకటి రాస్తారు. లోపలున్న మందు అదే అయినా, చీటీలో రాసిన బ్రాండు మార్చి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ ఒకటి, డిస్ట్రిబ్యూటర్ ఎప్పుడు తీసుకెళ్తాడో తెలియని ఎక్స్‌పైరీ డబ్బాలు నాలుగు. మిగిలిన సందులో నేను పక్కకు తిరిగి నడుస్తాను.

పేషెంటును కూర్చోబెట్టి మందు ఎలా వాడాలో చెప్పాలని ఒక స్టూలు కొన్నాను. ఇప్పుడు దాని మీద కూడా ఎక్స్‌పైరీ డబ్బానే ఉంది.

2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో కౌన్సెలింగ్ గురించి ఎంత బాగా రాశారో! మందు దేనికి, ఎన్ని రోజులు, ఏ ఇబ్బందులు రావచ్చు, ఒక డోసు మర్చిపోతే ఏం చేయాలి, అన్నీ చెప్పాలట. చెప్పాలనే నాకూ ఉంది, అందుకే కదా చదువుకున్నది. ఎక్కడ నిలబడి చెప్పాలో కూడా ఒక లైను రాసి ఉంటే బాగుండేది.

పోయిన వారం ఒకామె మూడుసార్లు షాపు దాకా వచ్చి వెనక్కెళ్లింది. జనం పలచబడ్డాక దగ్గరికొచ్చి, చీటీ మడత విప్పి, గొంతు తగ్గించి అడిగింది: "అన్నా, ఇది మింగే గోలీనా, లోపల పెట్టుకునేదా?" నేను నోరు తెరిచానో లేదో, కౌంటరు మీద పేమెంట్ డబ్బా "నూట పది రూపాయలు అందాయి" అని అరిచింది. వెనక ఇద్దరు కుర్రాళ్లు, "అన్నా జల్దీ, జ్వరం గోలీ." ఆమె స్ట్రిప్పు కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. దాన్ని ఎలా వాడిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఆమెకు కావాల్సింది రెండు నిమిషాలు, ఒక మూల. అంతే.

ఆ రెండు నిమిషాలు ఎటు పోతున్నాయంటారా? 2014 మార్చి నుంచి హెచ్1 రిజిస్టరు ఉంది, కొన్ని యాంటీబయాటిక్‌ల లాంటి మందుల అమ్మకం విడిగా రాసే పుస్తకం. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఒక స్ట్రిప్పు ఇస్తే డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చామో, అన్నీ అప్పటికప్పుడు రాయాలి, మూడేళ్లు దాచాలి. రిజిస్టరు వద్దనడం లేదు. యాంటీబయాటిక్‌లను చాక్లెట్లలా అడిగేవాళ్లను చూస్తే నాకూ మండుతుంది. కానీ బిల్లు కొట్టేటప్పుడు కంప్యూటర్లో ఎక్కించిందే మళ్లీ పెన్నుతో రాయిస్తున్నారు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా నా కుడిచెయ్యి గుమస్తా చెయ్యే. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, సంతోషం. డబ్బా మీద పాత ధర, బిల్లులో కొత్త ధర ఎందుకుందో ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే కొన్ని వారాలు దానికే సరిపోయాయి. ఆ కౌన్సెలింగ్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది లెండి.

ఇక చీటీ మందులు ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. న్యాయమే. షాపులో ఫార్మసిస్టును నేనొక్కణ్నే. బాత్రూముకు వెళ్లాలన్నా షట్టరు సగం దించాలి. భోజనం కౌంటరు కిందే, నిలబడి.

అయ్యా, కంప్యూటర్ రికార్డునే రిజిస్టరుగా ఒప్పుకోండి. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకోవడానికి ఒక గడువు పెట్టించండి. పేషెంటుతో మాట్లాడటానికి చోటు ఎలా దొరుకుతుందో, కొత్త లైసెన్సులకైనా, పాతవాటికైనా, ఏదో ఒకటి ఆలోచించండి. ఏదో ఒకటి చేయండి.

ఒకసారి సాయంత్రం ఏడింటికి మీరే రండి. ముందు కబురు పంపితే స్టూలు మీది డబ్బా దించి పెడతాను.

ఇట్లు,
బోరబండ నుంచి ఒక ఫార్మసిస్టు