కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి: న్యూరోసైన్స్ పీహెచ్‌డీ, లా కలిపి చదవనివ్వండి

మంత్రి గారికి నమస్కారం,

సూటిగా విషయానికి వచ్చేస్తానండి. మెదడు మీద పీహెచ్‌డీ చేస్తూ దాంతోపాటే లా చదువుదామంటే మన రూల్స్ ఒప్పుకోవు. 2022లో యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేసుకోవచ్చు అనగానే చాలామంది సంబరపడ్డారు, తీరా గైడ్‌లైన్స్ తెరిచి చూస్తే పీహెచ్‌డీకి వర్తించదని ఉంది. అటు లా చదువుకు రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ 2008 రూల్స్ చూస్తే ఎల్‌ఎల్‌బీలో ఉండగా ఇంకో రెగ్యులర్ కోర్సు కుదరదు. అంటే ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి, ఐదారేళ్లు ల్యాబ్‌లో గడిపి ఆ తర్వాత మూడేళ్లు లా చదివి బయటికొచ్చేసరికి ల్యాబ్‌లో నేర్చుకున్నది సగం పాతబడిపోతుంది, పీహెచ్‌డీ ఫెలోషిప్పేమో ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

అంత అవసరం ఎవరికుందయ్యా అంటారేమో. 2008లో పుణెలో ఒక హత్య కేసులో కింది కోర్టు బ్రెయిన్ మ్యాపింగ్ (నేరం తాలూకు జ్ఞాపకం ఉందా అని మెదడు తరంగాల్లో వెతికే టెస్టు) రిపోర్టును కూడా లెక్కలోకి తీసుకుని శిక్ష వేసింది. అదే ఏడాది మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్ డైరెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీ ఆ టెస్టుకు సైంటిఫిక్ ఆధారం లేదని తేల్చింది. 2010లో సెల్వీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి టెస్టులు బలవంతంగా చేయకూడదని చెప్పింది, మంచిదే, కానీ మనిషి తనంతట తాను ఒప్పుకుంటే చేయొచ్చు, రిపోర్టు సాక్ష్యం కాకపోయినా దాని సాయంతో తర్వాత దొరికినవి కోర్టు తీసుకోవచ్చు అని కూడా అంది. మరి అలా వచ్చిన కేసులో ఆ మెషీన్ అసలు ఏం కొలిచింది, తప్పు ఎక్కడ రావొచ్చు అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే లాయర్ ఎవరు? 2009లో అమెరికాలో కొందరు రీసెర్చర్లు చచ్చిన సాల్మన్ చేపను ఎఫ్ఎంఆర్ఐలో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్) పెట్టి మనుషుల ఫోటోలు చూపించారు, వేల చోట్ల ఒకేసారి కొలిచినప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే తప్పుడు సిగ్నళ్లను వడగట్టడానికి స్టాటిస్టిక్స్‌లో చేయాల్సిన కరెక్షన్ చేయకపోతే ఆ చేప మెదడులో కూడా యాక్టివిటీ కనిపించింది! (నవ్వొస్తుంది కానీ, రంగురంగుల స్కాన్ బొమ్మ చూసి నమ్మేసే జడ్జి ముందు నిలబడ్డవాడికి నవ్వు రాదు.)

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద చిక్కు జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 15. 16 దాటిన పిల్లాడి మీద ఘోరమైన నేరం కేసు ఉంటే, ఆ పని చేసే మానసిక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి వాడికి ఉన్నాయా అని జువెనైల్ జస్టిస్ బోర్డు అంచనా వేయాలి, వాడిని పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. టీనేజ్‌లో తొందరపాటును అదుపు చేసే మెదడు ముందు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుందని మెదడు రీసెర్చ్ చెబుతుంది, కానీ అది వందల మంది మీద తీసిన సగటు. బోర్డు ముందు ఉన్నది ఒక్కడు. సగటు నుంచి ఆ ఒక్కడి గురించి ఎంతవరకు చెప్పొచ్చో, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియాలంటే రెండు వైపులా లోతుగా చదివుండాలి, రెండు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్‌తో అయ్యే పని కాదు.

పాలసీ వైపు కూడా ఇంతే, మెదడు డేటాకి చట్టం రాయాలన్నా రెండూ తెలిసినవాళ్లు కావాలి. చిలీ 2021లో మెదడు సమాచారానికి రాజ్యాంగంలోనే రక్షణ పెట్టుకుంది, 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఒక కంపెనీని మాజీ సెనేటర్ మెదడు డేటా చెరిపేయమంది. అమెరికాలో కొలరాడో 2024లో న్యూరల్ డేటాను (మెదడు, నరాల నుంచి తీసిన సమాచారం) ఎక్కువ రక్షణ ఉండే సెన్సిటివ్ లిస్టులో చేర్చింది. మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అసలు సెన్సిటివ్ అనే కేటగిరీయే లేదు.

అందరికీ రెండు డిగ్రీలు కావాలని నేను అనట్లేదు. చాలామందికి పీహెచ్‌డీ అయ్యాక ప్రభుత్వంలో ఏడాది పనిచేసే ఫెలోషిప్ చాలు, అమెరికాలో ఏఏఏఎస్ అనే సైంటిస్టుల సంఘం 1973 నుంచి నడుపుతోంది అలాంటిది. కానీ ఏడాదికి నలుగురైదుగురికి అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఉన్నట్టు లా, న్యూరోసైన్స్ కలిపిన ప్రోగ్రామ్ కావాలి. నిమ్హాన్స్, సైన్స్ రీసెర్చ్ సంస్థ ఐఐఎస్సీ, నేషనల్ లా స్కూల్ మూడూ బెంగళూరులోనే ఉన్నాయి, లా స్కూల్లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా 2022 నుంచి ఉంది, కొత్తగా బిల్డింగులు కట్టక్కర్లేదు. ఒకే థీసిస్‌కి రెండు వైపుల నుంచి ఇద్దరు గైడ్లు ఉండాలి, ఒక చోట చదివిన పేపర్ల క్రెడిట్లు రెండో చోట చెల్లాలి, లా క్లాసుల్లో ఉన్న సెమిస్టర్లలో కూడా ఫెలోషిప్ ఆగకూడదు. యూజీసీ గైడ్‌లైన్స్‌లో పీహెచ్‌డీకి ఈ ఒక్క మినహాయింపు మీ చేతిలో ఉన్నదే. బార్ కౌన్సిల్ రూల్ మాత్రం మీ శాఖ కిందకి రాదని తెలుసు, దానికి న్యాయశాఖ మంత్రి గారితో కలిసి బార్ కౌన్సిల్‌కి ఒక లెటర్ రాయండి, వచ్చే అడ్మిషన్లలోపు.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్