కాన్పు గదికి ఎన్ని బ్యాటరీలు కావాలో లెక్క వేయించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను నెల్లూరు జిల్లా కావలి ప్రాంతంలో ఇన్వర్టర్లు బిగించి, బాగుచేసి బతుకుతున్నవాడిని. పోయిన తుఫానులో కరెంటు లేని రాత్రి, ఇక్కడి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాన్పు జరుగుతుండగానే ఇన్వర్టర్ ఆగిపోయింది. సెల్‌ఫోను వెలుగులో నర్సమ్మ బొడ్డు కోసింది. తల్లీబిడ్డా క్షేమం.

తెల్లవారి నన్ను పిలిచారు. మెట్ల కింద గాలి ఆడని మూలన రెండు బ్యాటరీలు ఉన్నాయి. మూత తీస్తే నీళ్ళు పలకల కిందికి దిగిపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోయాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదట.

అయితే అవి సరికొత్తవైనా ఆ రాత్రి గట్టెక్కేది కాదు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచగలదో చెప్పే కొలత) బ్యాటరీలు రెండు కలిస్తే 3,600 వాట్ అవర్లు. సగానికి మించి వాడితే త్వరగా చెడతాయి కనుక 1,800. ఇన్వర్టర్లో అయిదో వంతు పోతే మిగిలేది 1,440. దీపాలు, ఫ్యాన్లకు 230 వాట్లు, గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సెంట్రేటర్‌కు 350. అంటే రెండున్నర గంటలు. పసిబిడ్డకు వెచ్చదనమిచ్చే వార్మర్ మరో 600 వాట్లు లాగితే గంట గడవడమే గొప్ప. ఎందుకంటే బ్యాటరీ మీద రాసిన 150 అనేది ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడుకుంటే వచ్చే లెక్క. ఒక్కసారిగా లాగితే అంత ఇవ్వదు. వార్మర్‌ను పక్కన పెట్టినా ఎనిమిది గంటల రాత్రికి ఏడు బ్యాటరీలు తప్పవు; జతలుగా బిగిస్తే ఎనిమిది కావాలి.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర దారి తెగిన రోజులు మేము మరచిపోలేదు. అలాంటప్పుడు నెల్లూరు పెద్దాసుపత్రికి పంపడానికి దారే ఉండదు. ఆ గదిలో ఉన్న కరెంటే దిక్కు.

అందుకే అడుగుతున్నాను. అన్ని కేంద్రాలకూ ఒకే లెక్కన బ్యాటరీలు కొనవద్దు. ముందు ఒక మనిషిని పంపి, కాన్పు గదిలో ఏ పరికరం ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు నడవాలో రాయించండి. బ్యాటరీల సంఖ్య ఆ కాగితంలోంచి రావాలి. మా ఎండలను కూడా లెక్కలోకి తీసుకోండి. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. వాటిని గాలి ఆడే చోట పెట్టించండి. నెలకోసారి నీటిమట్టం చూసి సంతకం చేసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

ఆ కేంద్రంలో నేను రాసుకున్న వాట్ల పట్టిక నా దగ్గరే ఉంది. మీ ఇంజనీరు ఎప్పుడు వచ్చినా ఇస్తాను.

ఇట్లు,
కావలి నుంచి ఒక ఇన్వర్టర్ మెకానిక్