సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు నాకు జవాబు చెప్పండి

మంగళగిరి,
20 జనవరి 2025

డైరెక్టర్ గారికి,

(పేరు రాయనందుకు ఏమీ అనుకోకండి. మీ పేరేమిటని మీ ఆఫీసులో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ‘సార్’ అనే చెప్పారు.)

విషయం: ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) డిప్లొమా, 2023–24 ఆదివారం బ్యాచ్, పరీక్ష రాసి ఎనిమిది నెలలైనా రాని సర్టిఫికెట్, ఎవరూ చెవిన పెట్టని ఫిర్యాదు.

అయ్యా,

నేను మీ విజయవాడ బ్రాంచి విద్యార్థినిని. ఏడేళ్లుగా మా ఊళ్లో ఒక చిన్న స్కూల్లో నర్సరీ గదిలో ఆయాగా చేస్తున్నాను. ముక్కులు తుడవడం, బాత్రూంకి తీసుకెళ్లడం, క్యారేజీ మూతలు విప్పిపెట్టడం, అమ్మ కోసం ఏడ్చేవాళ్లని చంకనేసుకుని వరండాలో తిప్పడం నా పని. టీచరమ్మ సెలవు పెట్టిన రోజు పాఠం చెప్పేదీ నేనే. జీతం మాత్రం ఆయాదే. మా ప్రిన్సిపాల్ మేడమ్ ఒకరోజు పిలిచి, "నువ్వు ఇంటర్ పాసయ్యావుగా, నర్సరీ టీచర్ ట్రైనింగ్ చేసి సర్టిఫికెట్ తే, వచ్చే జూన్‌లో ఎల్‌కేజీ నీకే ఇస్తాను" అన్నారు. ఆ మాట పట్టుకుని చెవిదుద్దులు తాకట్టు పెట్టి, మూడు విడతల్లో 28,000 రూపాయలు మీకు కట్టాను. మొదటి విడతకి రశీదు చేతికిచ్చి, స్వీటు కూడా పెట్టారు. అది మరిచిపోలేదు.

చేరకముందు మీ కౌన్సెలర్ అమ్మాయి నన్ను రోజుకి రెండుసార్లు ‘అక్కా’ అని పిలిచేది. "అక్కా, మీలాంటి ఓపిక ఉన్నవాళ్లే ఈ ఫీల్డుకి కావాలి అక్కా." మొదటి విడత కట్టగానే ‘మేడమ్’ అయ్యాను. మూడో విడత కట్టాక ‘ఎవరండీ?’ అయ్యాను. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు చూడండి, అది నా విషయంలో రశీదు నంబర్లతో సహా రుజువైంది.

పరీక్ష 2024 మే నెలలో రాశాను. అరవై రోజుల్లో సర్టిఫికెట్ అన్నారు. జులై పోయింది. ఫోన్ చేశాను. తెలుగుకి ఒకటి నొక్కాను, పాత విద్యార్థులకి మూడు నొక్కాను, పాట విన్నాను. ఆ పాట ఇప్పుడు మా చిన్నోడికి కూడా వచ్చేసింది. ఎత్తిన కుర్రాడు ప్రతిసారీ రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతాడు, ప్రతిసారీ నా పేరు తప్పు పలుకుతాడు, ప్రతిసారీ కంప్లయింట్ నంబరు ఒకటి ఇస్తాడు. మావాడి లెక్కల రఫ్ నోటు వెనక పేజీలో అవన్నీ వరసగా రాసుకున్నాను. పదకొండు ఉన్నాయి. మొన్న పాత నంబరు చెప్పి "దీని సంగతేమైంది?" అంటే, "అది క్లోజ్ అయింది మేడమ్" అన్నాడు. ఎలా క్లోజ్ అయిందయ్యా, సర్టిఫికెట్ ఇచ్చారా? "లేదు మేడమ్, మీకు రిప్లై ఇచ్చినట్టు చూపిస్తోంది." ఎవరికి ఇచ్చారో ఆ జవాబు, వాళ్లెవరో నాకు కాస్త చెబితే వెళ్లి అడిగి తెచ్చుకుంటాను.

బ్రాంచికి వెళ్లాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. ఇక్కడ మీకో మాట చెప్పాలి. మీ క్లాసులో మాకు మొట్టమొదట నేర్పిన పాఠం, పిల్లలతో మాట్లాడేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని వాళ్ల కళ్లకి సమానంగా మన కళ్లు ఉంచాలని. వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా అడ్డు రాకూడదని. ‘ఆగు’, ‘తర్వాత’, ‘పో’ అనే మూడు మాటలు గదిలో వినబడకూడదని. పాఠం చెప్పిన మేడమ్ చాలా మంచావిడ, ఆవిడ మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆవిడకీ మూడు నెలల జీతం రాలేదని తర్వాత తెలిసింది. ఇంతకీ మీ కౌంటరు. దానికో అద్దం, అద్దానికో కంత, ఆ కంత నా నడుము దగ్గర. మాట్లాడాలంటే నేనే వంగాలి. వంగి, తల వాల్చి, కంతలో నోరు పెట్టి "సర్టిఫికెట్ అండీ" అంటే లోపలి నుంచి వచ్చిన మాటలు: "ఆగండి." "తర్వాత రండి." మూడోసారి "పోయి హెడ్డాఫీసులో అడగండి." మూడు మాటలూ మీవాళ్లు తప్పకుండా వాడారు.

సరేనని నవంబరులో ఒకరోజు సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లాను. ఆయాకి జీతంతో సెలవు ఉండదు, అది మీకు తెలియదనుకుంటా. తెల్లవారుజామున విజయవాడ వచ్చి శాతవాహన రైలు ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట వచ్చి, ఎవరినీ అడక్కుండానే మీ బోర్డు కనిపెట్టాను. బోర్డు మాత్రం చాలా పెద్దది. లోపల ఏసీ, గోడ మీద చిన్నపిల్లల చదువుకి కొత్త పద్ధతి చూపిన మరియా మాంటిస్సోరి ఫోటో, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ. "ఎగ్జామ్ సెక్షన్ మేడమ్ లంచ్‌కి వెళ్లారు" అన్నారు. అప్పుడు పన్నెండున్నర. మూడింటికి కూడా లంచ్‌లోనే ఉన్నారు. అది లంచ్ కాదు, పెళ్లి భోజనం అయ్యుంటుంది, మూడో పంక్తి. చివరికి ఒకాయన వచ్చి, ప్రింటరు పాడైందని, పాత బ్యాచ్‌ల సర్టిఫికెట్లన్నీ ఆగిపోయాయని చెప్పి, "ఇది బ్రాంచిలోనే తేల్చుకోవాలమ్మా" అన్నాడు.

నేనా ఫోటో వైపు చూశాను. ఆవిడ గురించి పరీక్షలో పది మార్కుల ప్రశ్న రాశాను, ఇప్పటికీ నోటికొచ్చు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చారు. అప్పటికే ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధం ముగిసేదాకా ఈ దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఇటలీ మనిషి కాబట్టి ఆంగ్లేయుల ఆంక్షలు కూడా ఉండేవి. అంత యుద్ధం మధ్య ఆవిడ పని జరిగింది. మీకు ప్రింటరు పాడైందట. ఆ దండ తీసేయండి సార్, ఆవిడకి అవమానం.

అసలు ఆ సర్టిఫికెట్‌కి విలువెంతో కూడా ఇప్పుడు అనుమానమే. మీ కరపత్రంలో ‘జాతీయ స్థాయి గుర్తింపు’ అని ఉంది. టీచర్ కోర్సులకి గుర్తింపు ఇచ్చేది ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) అని, 1993 చట్టంతో వచ్చిందని, చిన్నపిల్లల టీచర్లకి వాళ్లు గుర్తించే డిప్లొమా వేరే ఉందని మా స్కూలు లెక్కల సార్ చెప్పారు. మీ కోర్సు అందులో ఉందా అని వాట్సాప్‌లో అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. వారం తర్వాత బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. దాని అర్థం ఉందనా, లేదనా, మంచి ప్రశ్న అనా?

మా తోడికోడలు అంగన్‌వాడీ టీచరు. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆరు నెలల కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా అని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారట. "నువ్వూ ఇటే వచ్చుంటే సరిపోయేదిగా, ఆ ప్రైవేటోళ్లకి ఎందుకు కట్టావ్?" అంటుంది. పండక్కి ఇంటికొచ్చి, అరిసెలు తింటూ, అందరి ముందూ అంది. ఆ మాటకి కూడా కారణం మీరే.

ఇక చెప్పకూడదు అనుకున్నదీ చెప్పేస్తున్నాను. వాల్యుయేషన్‌కని నా రికార్డూ, బోధన సామగ్రీ తీసుకున్నారు. అందులో మా అమ్మ పాత చీర ముక్కలతో కుట్టిన అక్షరాల పుస్తకం ఉంది. అ–అమ్మ దగ్గర మా అమ్మ చీర కొంగే కుట్టాను. పిల్లలు వేలితో తడిమి నేర్చుకోవాలని ప్రతి అక్షరం కింద దూది పెట్టి ఎత్తుగా చేశాను. మూడు నెలల రాత్రుళ్లు పట్టింది. డిసెంబరులో మీ కొత్త బ్యాచ్ ప్రకటన ఫోన్‌కి వచ్చింది. అందులో ‘మా విద్యార్థుల ప్రతిభ’ అని ఆ పుస్తకం ఫోటో! అట్ట మీద నా పేరున్న చోట మీ లోగో అతికించారు. దాన్ని తీసి ఫోటో కొట్టడానికి మీకు మనుషులున్నారు, ప్రింటర్లున్నాయి. ఆ రోజు ఫోన్ చేస్తే మీ కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "కంగ్రాట్స్ మేడమ్."

నేను మీకు పరాయిదాన్ని కాదు. నా మాట మీద మా స్కూలు నుంచి నలుగురు మీ దగ్గర చేరారు. ఇద్దరు ఆయాలు, ఒక వ్యాన్ డ్రైవర్ భార్య, ఒక డిగ్రీ పిల్ల. ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు ఇస్తామన్న మీ రెఫరల్ బోనస్ కూడా నేను అడగలేదు. ఇప్పుడు వాళ్లు రోజూ నా ముఖం చూస్తున్నారు. "అక్కా, నీకే రాలేదు, మాకేం వస్తుంది?" అంటున్నారు. ఎల్‌కేజీ క్లాసు జూన్‌లో వేరే అమ్మాయికి ఇచ్చారు. నా సర్టిఫికెట్ కోసం దసరా దాకా చూస్తామన్నారు, తర్వాత సంక్రాంతి దాకా అన్నారు. ఆ అమ్మాయి క్లాసులో ఇప్పుడు నేనే ఆయాని. పాపం మంచి పిల్ల, పాఠం ఎలా చెప్పాలో నన్నే అడుగుతుంది.

మీరు నాకు సర్టిఫికెట్ ఇస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారో, రెండూ ఇస్తారో మీ ఇష్టం. ముందు మీ ఆఫీసు నుంచి పేరున్న మనిషి ఒకరు ఫోన్ చేసి, నేను చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. నర్సరీ పిల్లలకి అయిదు నిమిషాలు ఇమ్మని మీరే నేర్పారు, నాకు పది ఇవ్వండి. పుస్తకం మాత్రం ఇష్టాయిష్టాల సంగతి కాదు, అది తిరిగి రావాలి.

వచ్చే సోమవారం, 27వ తేదీ దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడ పాట ఉండదని ఆశ. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదని లెక్కల సారే చెప్పారు. ఎన్‌సీటీఈకి మీ కరపత్రం పంపుతాను. అదీ కాకపోతే మేం అయిదుగురం చాప తెచ్చుకుని మీ బ్రాంచి కౌంటరు ముందు కూర్చుంటాం. మాకు నేల మీద కూర్చోవడం అలవాటే, రోజంతా అదే పని. అప్పుడు మాతో మాట్లాడాలంటే మీవాళ్లే కంతలోంచి కిందికి వంగాలి.

ఇట్లు,
2023–24 ఆదివారం బ్యాచ్ విద్యార్థిని
(పేరు కవరు మీద ఉంది. మీ కుర్రాడికి పలకడం రాకపోతే విడగొట్టి చదవమనండి.)

జతపరిచినవి: ఫీజు రశీదులు మూడు, హాల్ టికెట్, రఫ్ నోటు వెనక పేజీ, శాతవాహన టికెట్, మీ ప్రకటన ఫోటో. అన్నీ జిరాక్సులే. ఒరిజినల్ మీ చేతికిచ్చే తప్పు ఒకసారి చేశాను.