చీర, స్వీట్ బాక్సు ఇస్తే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పదకొండేళ్లుగా షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. సంక్రాంతి వెళ్లిందంటే మాకు ఒకటే టెన్షన్, పండక్కి ఊరెళ్లినవాళ్లలో ఎంతమంది తిరిగొస్తారా అని. చీరలు పెట్టాం, స్వీట్ బాక్సులు ఇచ్చాం, ఇంకేం కావాలి వీళ్లకి అని ఆఫీసులో అనుకుంటారు. నేనూ ఇన్నేళ్లు అదే అన్నాను.

ఈసారి రానివాళ్లలో ఒక పిన్ని ఉంది. తొమ్మిదేళ్లు మా దగ్గర రొయ్యలు ఒలిచింది, చేతిలోకి తీసుకోగానే ఇది 40 కౌంటా 50 కౌంటా (అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చెప్పేసేది, గుల్ల మెత్తబడ్డది ఒక్కటి కూడా ఆవిడ చెయ్యి దాటిపోయేది కాదు. పక్క ప్లాంటులో చేరిందని తెలిసి ఇంటికెళ్లి అడిగాను, కిలోకి ఎంత ఎక్కువిస్తున్నారు పిన్నీ అని. "రేటు అంతేనండి. అక్కడ కొత్త పిల్లలకి పని నేర్పమని నన్నడిగారండి. మీ దగ్గర తొమ్మిదేళ్లున్నాను, ఒక్కరోజు నన్ను ఏదీ అడగలేదు కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత టీ టైములో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం మొదలుపెట్టాను. అందరిలో అడిగితే "బాగానే ఉందండి" తప్ప ఇంకోమాట రాదు. ప్యాకింగ్‌లో ఉన్న కుర్రాడికి ఆ పెట్టెలు ఎక్కడికి పోతున్నాయో తెలీదు. మన దేశం రొయ్యలు అన్నిటికంటే ఎక్కువ అమెరికాకే వెళ్తాయని, అక్కడ పరీక్షలో తేడా వస్తే సరుకు తిప్పి పంపేస్తారని చెబితే, "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటి సార్" అన్నాడు. ల్యాబ్‌లో అమ్మాయి బాధ వేరు, తను సరుకు బాలేదని రాసినా లోడు వెళ్లిపోతే ఇక తనెందుకని. ఇంకొకాయనకి ఇవేవీ అక్కర్లేదు, నరసాపురం బస్సు అందేలా షిఫ్టు టైముకి వదిలితే చాలన్నాడు. అదీ న్యాయమే, అందరికీ బాధ్యతలు అంటగట్టి అదే గౌరవం అనుకోకూడదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1950లలో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లని, అకౌంటెంట్లని పనిలో ఎప్పుడు బాగా సంతోషం వేసింది, ఎప్పుడు విసుగొచ్చింది అని అడిగాడు. జీతం, పైవాళ్ల తీరు, పనిచేసే చోటు బాలేకపోతే మనిషి విసిగిపోతాడు, కానీ అవి బాగున్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు, ఆ ఇష్టం సాధించానన్న తృప్తి నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి వస్తుందని తేల్చాడు. అయితే ఆయన అడిగింది నెల జీతగాళ్లని. ఐసు నీళ్లలో చేతులు పెట్టి, నిలబడి, కిలో లెక్కన సంపాదించేవాళ్లకి ముందు కూలి సరిగా ఉండాలి, గ్లౌజులు చిరిగితే వెంటనే మార్చాలి, శుభ్రమైన బాత్రూము ఉండాలి. ఇవి ఎగ్గొట్టి చప్పట్లు కొడతామంటే అది మోసం. నా మాటని దయచేసి ఎవరూ అలా వాడుకోవద్దు.

రైసు మిల్లులు, కొబ్బరి పీచు యూనిట్లు, సొసైటీ ఆఫీసులు నడిపేవాళ్లందరినీ ఒకటే కోరుతున్నాను. మీ దగ్గర ఏళ్ల తరబడి ఉన్న మనిషిని ఈ వారం పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పనిలో నీకు ఏది నచ్చుతుంది, ఏది అడ్డొస్తోంది అని అడగండి, మధ్యలో మాట్లాడకుండా వినండి.

పిన్ని తిరిగి రాలేదు, రమ్మని నేనూ అడగలేదు. కొత్తవాళ్లకి నేర్పే పని ఇప్పుడు మా దగ్గర ఇద్దరు పాతవాళ్లకి అప్పగించాం. నేర్పే రోజుల్లో వాళ్లు ఒలిచేది తగ్గుతుంది కాబట్టి ఆ రోజులకి కిలో లెక్క కాకుండా రోజుకూలి కట్టివ్వమని మేనేజ్‌మెంట్‌ని అడిగాను. ఇంకా ఏ మాటా చెప్పలేదు, మళ్లీ అడుగుతాను.

ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్,
పశ్చిమ గోదావరి జిల్లా